నీలం మీద తెల్లటి చెయ్యి

ఫిబ్రవరి 9, ఆదివారం

చిరంజీవి మరిదికి,

వదిన ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం, అక్కడ నీ క్షేమ సమాచారాలు తెలియజేయగలవు. ఉత్తరమన్నాక అలా మొదలుపెట్టాలి కాబట్టి మొదలుపెట్టాను. అందులో రెండో మాట నిజంగానే అడుగుతున్నాను. మొదటి మాట సంగతి కిందికి చదివితే నీకే తెలుస్తుంది.

కవరు మీద నా వంకర రాత చూసి ఉలిక్కిపడి ఉంటావు. నీ చిరునామా మీ మిషను షాపు ఫోర్‌మన్ ఇచ్చాడు. నువ్వెక్కడో సరుకుల గోదాములో కాపలా పనిలో ఉన్నావనీ, మిషను చప్పుడు వినపడని చోటు చూసుకుని మరీ చేరావనీ చెప్పాడు. అతను జాలిగానే చెప్పాడు. నేను మాత్రం జాలిగా వినలేదు.

దాపరికం ఎందుకు, నీ మీద నా కోపం ఇంకా పోలేదు. రేకులు కోసే ప్రెస్సులో ఇరుక్కున్న ముక్కని మీ అన్నయ్య చేత్తో లాగుతుంటే నువ్వు చూసుకోకుండా పెడలు తొక్కావు. కుడిచేతి చూపుడువేలూ మధ్యవేలూ సగానికి తెగిపోయాయి. అది పొరపాటు. మిషన్ల మధ్య బతికేవాళ్ళకి పొరపాట్లు జరుగుతాయి. ఆ మాట ఆసుపత్రిలో అందరికంటే ముందు అన్నది నేనే. నాకు మింగుడు పడనిది ఆ తర్వాతది. ఆయన ఆసుపత్రి మంచం దిగకముందే నువ్వు పెట్టె సర్దుకుని కాళ్ళకి బుద్ధి చెప్పావు. ఇన్నేళ్ళలో ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఆయన ఇంటికొచ్చి ముందు అడిగింది నిన్ను. ఎడమచేత్తో చొక్కా గుండీలు పెట్టుకోవడం నేర్చుకుంటూ గుమ్మం వైపే చూసేవారు. వేళ్ళు పోయినందుకు ఆయన ఏడవగా నేను చూడలేదు. నువ్వు పోయినందుకు ఏడిస్తే చూశాను.

సరే, ఇప్పుడు ఆయనే రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. ఆయన రాయలేరు. అది వేళ్ళ వల్ల కాదు, ఎడమచేతి రాత ఎప్పుడో అలవాటు చేసుకున్నారు. ఊపిరితిత్తులు పాడయ్యాయి. వేళ్ళు పోయాక ప్రెస్సు దగ్గర్నుంచి తీసి గ్రైండింగులో వేశారు. అక్కడి ధూళంతా లోపలే పేరుకుపోయిందట. డాక్టరమ్మ ఎక్స్‌రే వెలుగుకి పట్టి చూపించి, ఇది తగ్గేది కాదు, పెరగకుండా చూసుకోవడమే మన చేతిలో ఉన్నది అని చెప్పింది. నాలుగడుగులు వేస్తే కూర్చోవాలి. మాట మధ్యలో ఆగి, గాలి తీసుకుని, మళ్ళీ అందుకుంటారు. పూర్వం నేను నోరు తెరిస్తే అడ్డుపడే మనిషి, ఇప్పుడు నేను ఎంతసేపు మాట్లాడితే అంతసేపూ వింటున్నారు. ఇలాంటి గెలుపు నాకెందుకు చెప్పు.

మా వెనక వాటాలోకి ఒక ముసలాయన దిగాడు. వీధిలో పిల్లా పెద్దా అందరూ నీలం తాత అంటారు. ఒకప్పుడు కట్టడాల నక్షాలకి నకళ్ళు తీసే ఆఫీసులో, ఆ నీలం కాగితాలు తయారుచేసే గదిలో ఉద్యోగమట. ఆ గది మూతపడ్డా ఆయన చెయ్యి ఊరుకోలేదు. సరదాకి ఇప్పటికీ తీస్తూనే ఉంటాడు, గోళ్ళ చివర్లు ఎప్పుడూ నీలంగానే ఉంటాయి. మీ అన్నయ్య పొద్దస్తమానం వెనక వరండాలో మంచం మీద కూర్చుని పెరటి గోడకేసి చూస్తుండటం గమనించి, ఒకనాడు తడి కాగితం ఒకటి తెచ్చి చేతిలో పెట్టాడు. నీలం మీద తెల్లగా ఒక దువ్వెన. విరిగిన పన్ను కూడా కనపడుతోంది. కెమెరా ఏదని మీ అన్నయ్య అడిగారు. కెమెరా అక్కర్లేదు, మందు పూసిన కాగితమూ ఎండా చాలని తాత చెప్పాడు. ఆ పూట నుంచి ఈ ఇంట్లో అదే గోల.

పద్ధతి కూడా రాయమన్నారు, నీకు ఇలాంటివి ఇష్టమట. మందులు రెండు. ఒకటి ఆకుపచ్చటి పొడి, ఇంకొకటి కెంపుల్లాంటి ఎర్రటి పలుకులు. విడివిడిగా నీళ్ళలో కరిగించి, వాడే ముందు చెరిసగం కలపాలి. కలిపాక దానికి ఎండ పొడ తగలకూడదు. అందుకని స్నానాలగది కిటికీకి పాత దుప్పటి కట్టి, చిన్న పసుపు బల్బు వేసుకుని, మందపాటి కాగితం మీద కుంచెతో పూస్తాం. అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి. కుంచెకి ఇనప పట్టీ ఉంటే అది తగిలిన చోటల్లా మచ్చ పడుతుంది, ఆ సంగతి మేము మూడు కాగితాలు తగలేసి తెలుసుకున్నాం. పూసిన కాగితం చీకట్లోనే ఆరాలి. ఆరాక దాని మీద ఏదైనా వస్తువు పెట్టి ఎండలో ఉంచితే, ఎండ తగిలిన మేరంతా ముదిరి బూడిదరంగుకి తిరుగుతుంది. వస్తువు కింద మాత్రం పచ్చగానే ఉండిపోతుంది. అప్పుడు నీళ్ళలో వేస్తే ఆ పచ్చదనం కరిగిపోయి అక్కడ తెల్లబడుతుంది, చుట్టూ నీలం తేలుతుంది. తేలేటప్పుడు మీ అన్నయ్య ముఖం చూడాలి. ఆయాసం సంగతే మరిచిపోతారు.

పూయడం ఆయన వంతు, ఎండలో కాపలా ఉండటం, కడగడం నా వంతు. రంగు ఎక్కడ తిరిగితే తీయాలో కళ్ళతో పట్టుకోవడం రావాలి. గడియారం చూసి తీస్తే మోసపోతాం. మొదట్లో తొందరపడి తీసేదాన్ని, నీలమంతా నీళ్ళతో పాటే పోయేది. ఇప్పుడు తాత కంటే నేనే బాగా చెప్తున్నానని తాతే ఒప్పుకున్నాడు.

కడగడంలో మాత్రం ఒక పెద్ద ఘనకార్యం చేశాను. మీ అన్నయ్య సరిగ్గా తీసిన మొదటి బొమ్మ నీ పానాది. నువ్వు వదిలేసి పోయిన పనిముట్ల సంచిలో ఉండేదే, పిడికి తీగ చుట్టినది. ఎంత నిండుగా వచ్చిందో చెప్పలేను. అంచుల్లో కాస్త పసుపు మిగిలింది. నాకు తెలిసిన కడగడం ఏమిటి, ఇన్నేళ్ళూ మీ ఇద్దరి గ్రీజు బట్టలు ఉతకడమే కదా. గ్రీజుకి ఏం వేస్తానో దీనికీ అదే వేశాను, గుప్పెడు బట్టల సోడా. నేను చూస్తుండగానే నీలం పాలిపోయింది, పసుపైంది, పానా ఎక్కడుందో కూడా తెలియకుండా పోయింది. తాత వచ్చి చూసి, నీలానికీ సోడాకీ ఉప్పూ నిప్పూ అమ్మా అని చెప్పి, ఆ కాగితాన్ని చిక్కటి టీ డికాషన్‌లో ముంచి ఉంచాడు. నీలం తిరిగి రాలేదు గానీ, పానా చుట్టూ గోధుమరంగు పట్టి మళ్ళీ కనపడింది. దాన్ని ఆయన వంటింటి గోడకి తగిలించారు. నేను సోడా డబ్బా తీసినప్పుడల్లా అది నన్ను వెక్కిరిస్తుంది.

ఇక అసలు విషయం. మీ అన్నయ్య తన కుడిచేతిని ఇలా తీసి నీకు పంపాలనుకుంటున్నారు. ఫోటో తీయించి పంపవచ్చు కదా అన్నాను. ఫోటోలో చెయ్యి చిన్నదైపోతుందట, ఇది ఉన్నంత ఉంటుందట. దాని మీద నువ్వు నీ చెయ్యి పెట్టుకోవచ్చట. నీకు ఆకురాయి పట్టడం నేర్పేటప్పుడు నీ చేతి మీద తన చెయ్యి వేసి తోసేవారటగా, అది నీకు గుర్తుంటుందట. అప్పట్లో ఆయన చెయ్యి కింద నీ చెయ్యి కనపడేదే కాదని చెప్పి నవ్వబోయి, దగ్గుతో ఆగిపోయారు. నీకు ముందు కబురు చేసి, నువ్వు సరేనంటేనే పంపాలన్నారు. రమ్మని మాత్రం రాయొద్దన్నారు. రాస్తే భయపడి చిరునామా మార్చేస్తావట. అందుకని నేను రాయడం లేదు.

జవాబు రాయి. ఒక్క ముక్క రాసినా చాలు, ఆయనకి అదే పండగ.

ఇట్లు,
మీ వదిన

&nbsp;

జూన్ 22

చిరంజీవి మరిదికి ఆశీస్సులు.

నీ కార్డు అందింది. ఆ చెయ్యి నేను చూడలేను వదినా, దయచేసి పంపకండి అని రాశావు. అంతే, కింద సంతకం కూడా లేదు. ఒక్క ముక్క చాలని నేనే అన్నాను కాబట్టి తప్పు నాదే. చదివేసరికి అరికాలి మంట నెత్తికెక్కి చింపబోయాను. మీ అన్నయ్య లాక్కున్నారు. వరండాలో కూర్చుని మళ్ళీ మళ్ళీ చదువుకుని, పాపం చిన్నోడు అనుకుంటూ చొక్కా జేబులో పెట్టుకున్నారు. పాపం ఎవరని నేను గట్టిగానే అడిగాను.

నేనైతే ఈ గొడవ అంతటితో తీరిందనుకున్నాను. ఆయన అలా అనుకోలేదు. వాడు చూడలేనన్నది ఈ చేతిని, చూడగలిగే చెయ్యి పంపుదాం అన్నారు. విషయమేమిటంటే, ఈ నీడబొమ్మకి మాంసమేదో కర్రేదో తెలియదు. ఎండకి అడ్డుపడిందల్లా దానికి ఒకటే, అన్నీ తెల్లగానే వస్తాయి. వేళ్ళు తెగిన చోట వేరే రెండు వేళ్ళు ఆనించి పెడితే చెయ్యి నిండుగా వస్తుంది. వాడు విప్పేసరికి అన్నయ్యకి వేళ్ళు మళ్ళీ మొలిచి ఉంటాయి అని చెప్పి, చిన్నపిల్లాడిలా మురిసిపోయారు.

అక్కడితో ఊరుకున్నా బాగుండేది. నా చేతికేసి చూసి, నీవి రెండు వేళ్ళు అరువివ్వవే అన్నారు. నా చెయ్యి తన చేతి మీద బోర్లా వేసి, ఆ రెండు వేళ్ళు మాత్రం ముందుకి చాపితే సరిపోతుందట. మిగతా చెయ్యంతా తన చేతి నీడలోనే కలిసిపోతుందట. నేను చెయ్యి వెనక్కి లాక్కున్నాను.

"మీ వేళ్ళు మింగినవాడికి నా వేళ్ళు కూడానా? నేనివ్వను."

ఆ మాట నేనన్నానని నీకు తెలియాలని రాస్తున్నాను. నువ్వు రాసిన కార్డుకి అదీ నా జవాబు. మర్నాడు వంటింట్లో విరిగిన గరిటె కాడ అడిగి తీసుకున్నారు. దాన్ని మోకాళ్ళ మధ్య బిగించుకుని, ఎడమచేత్తో చాకు పట్టి చెక్కడం మొదలుపెట్టారు. కాసేపు చెక్కడం, కాసేపు ఊపిరి తీసుకోవడం. వారం పైనే పట్టింది. కణుపులు పెట్టారు, గోళ్ళు కూడా పెట్టారు. నీడలో గోళ్ళు పడవని తాత చెప్తే, పడకపోయినా వేలన్నాక గోరుండాలి కదా అన్నారు. నువ్వు తొక్కిన పెడలుకి నేను వంటింటి గరిటె కూడా పోగొట్టుకున్నాను.

వేళ్ళు బాగానే కుదిరాయి. చెయ్యే కుదరలేదు. కాగితం మీద చెయ్యి పెట్టి రంగు తిరిగేదాకా కదపకుండా ఉంచాలి. ఆయాసానికి డాక్టరమ్మ ఇచ్చిన పీల్చే మందు ఉంది చూడు, అది ఊపిరి ఆడిస్తుంది గానీ చేతుల్ని వణికిస్తుంది. పైకి చూస్తే పెద్ద వణుకేమీ కాదు, గ్లాసు పట్టుకున్నప్పుడు నీళ్ళు కదిలేంత. కానీ ఎండ దేన్నీ వదలదు. కడిగి చూస్తే చెయ్యి చుట్టూ మసక, పొగలో పెట్టిన చెయ్యిలా ఉంది. చెక్క వేళ్ళు రెండూ మాత్రం గీత గీసినట్టు వచ్చాయి. ఆయన దాన్ని తడితడిగానే ఎత్తి పట్టుకుని చూశారు.

"చూశావుటే, చచ్చిన వేళ్ళు బుద్ధిగా కూర్చున్నాయి. బతికినవే కుదురుగా లేవు."

నవ్వుతూనే అన్నారు. నాకు మాత్రం ఆ పూటంతా ఏ పని మీదా మనసు నిలవలేదు.

తర్వాత ఏం చేయలేదని అడుగు. ఇసుక మూట చేసి మణికట్టు మీద పెట్టాం. గుడ్డతో బల్లకి కట్టాం. కట్టిన కొద్దీ వణుకు ఎక్కువైంది. పొద్దున్న మందు పీల్చే ముందే చేద్దామా అని ఆయన అంటే, ఆ మాట మళ్ళీ ఎత్తొద్దన్నాను. ఇంట్లో ఇప్పుడు చెదిరిపోయిన చేతులు ఒక కట్ట ఉన్నాయి. పారేయబోతే ఆయన వద్దంటారు, దగ్గర పెట్టుకోబోతే నాకు చూడబుద్ధి కాదు.

ఈ నెల మొదట్లో ఒక పొద్దున కూరలకి వెళ్ళి వచ్చేసరికి పెరట్లో బల్ల మీద ఆయన చెయ్యి ఉంది. కింద కాగితం, పక్కన చెక్క వేళ్ళు, అన్నీ సరిగ్గా అమర్చి ఉన్నాయి. చెయ్యి రాయిలా కదలకుండా ఉంది. ఒక్క క్షణం నాక్కూడా సంతోషమేసింది, ఇవాళ వచ్చేస్తుందని. అప్పుడు ముఖం చూశాను. పెదవులు నీలంగా ఉన్నాయి, కళ్ళు తేలిపోతున్నాయి. ముందురోజు రాత్రి నుంచీ మందు పీల్చలేదట, నాకు తెలియకుండా దిండు కింద దాచారట. నేను బల్లని తన్నేసి, ఆయన్ని లోపలికి ఈడ్చుకెళ్ళి మందు నోట్లో పెట్టాను. తాత పరుగెత్తి డాక్టరమ్మని తీసుకొచ్చాడు. ఇంకాస్త ఆలస్యమైతే మనిషి దక్కేవాడు కాదని ఆవిడ ముఖం మీదే చెప్పింది. మందు పడితే చెయ్యి ఆగదు, చెయ్యి ఆగాలంటే మందు మానాలి. మా బతుకు ఇప్పుడు ఈ రెండింటి మధ్యా ఉంది.

ఆ సాయంత్రం ఒట్టు వేయించుకున్నాను, ఇక మందు మాననని. ఎవరి మీద వేయించుకున్నానో తెలుసా, నీ మీద. నా మీద ఒట్టైతే తప్పగలరు, నీ మీద అయితే తప్పరని నాకు తెలుసు. అది తెలిసి ఉండటం నాకేమంత బాగా లేదు. అయినా వేయించుకున్నాను.

అప్పటి నుంచి ఎండే లేదు. ఒకటే మబ్బు, ముసురు. పూసి ఉంచిన కాగితాలు వాడకుండానే నల్లబడి పాడైపోతున్నాయి. రాత్రిళ్ళు పడుకుంటే ఊపిరి అందడం లేదని వరండాలోనే మంచం వేయించుకున్నారు. మధ్యమధ్యలో తల ఎత్తి ఆకాశం చూస్తారు. మాట బాగా తగ్గిపోయింది. నిన్న చొక్కా ఉతుకుదామని తీస్తే జేబులో నీ కార్డు ఉంది, మడతల దగ్గర చిరిగిపోయి.

రమ్మని రాయొద్దని ఆయన అన్నారు. నేను రాస్తున్నాను. రా. ఆయన కోసం కాకపోతే నన్ను నాలుగు తిట్లు తిట్టడానికైనా రా, నేను పడతాను. చెయ్యి చూడలేకపోతే ముఖం చూడు. ఎండ వస్తుందో రాదో, వచ్చేదాకా ఆయన ఉంటారో ఉండరో నాకు తెలియదు. నువ్వు మాత్రం ఆగకు.

ఇట్లు,
మీ వదిన

&nbsp;

జూలై 19

చిరంజీవి మరిదికి,

వదిన ఆశీస్సులు. కవరులో నల్ల కాగితం చుట్టిన అట్ట ఒకటి ఉంది. ముందు అది విప్పు. చూసిన తర్వాతే ఈ ఉత్తరం మిగతాది చదువు. ఈ ఒక్కసారికి నా మాట విను.

చూశావా? భయపడేదేమీ లేదు కదా. ఐదు వేళ్ళూ ఉన్నాయి. బొటనవేలు బయటికి విల్లులా వంగి ఉంది, నీదీ అంతే. చిటికెనవేలు కాస్త లోపలికి తిరిగి ఉంది, మీ ఇంట్లో మగాళ్ళందరికీ అలాగే ఉంటుందని ఆయన ఎప్పుడూ చెప్పేవారు. మణికట్టు దగ్గర ఎముక ఎత్తు కూడా తెలుస్తోంది. ఈమధ్య బాగా చిక్కిపోయారు, అందుకని.

ఇంతకు ముందు తీసినవన్నీ చెదిరిపోయాయని రాశాను. ఇది చెదరలేదు. వేళ్ళ సందుల్లో నీలం ఎంత చిక్కగా దిగిందో చూడు. ఆ కాగితం మీ అన్నయ్య పూసిందే. పోయిన వారం మంగళవారం సాయంత్రం మబ్బు కాస్త విడిచింది. రేపు ఎండ వస్తుందని చెప్పి, స్నానాలగదిలోకి తీసుకెళ్ళమన్నారు. నేను పీట మీద కూర్చోబెట్టి, వెనక నుంచి పట్టుకుని ఉంటే పూశారు. అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి. మధ్యలో చాలాసార్లు ఆగారు గానీ ఒక్క చార కూడా పడలేదు. ఆయన అన్నట్టే బుధవారం ఎండ వచ్చింది.

చూపుడువేలూ మధ్యవేలూ అంచులు మాత్రం కొద్దిగా మసకగా వచ్చాయి. నువ్వు కూడా గమనించే ఉంటావు. ఆరేటప్పుడు అక్కడ నీళ్ళు నిలిచాయేమోనని తాత అన్నాడు. నేను నల్ల కాగితం తెచ్చి అట్టకి చుట్టడం మొదలుపెట్టాను.

నువ్వు రాలేదు. నా ఉత్తరానికి జవాబూ లేదు. బహుశా బయలుదేరబోయి ఆగి ఉంటావు, పెట్టె సర్దుకుని మళ్ళీ విప్పి ఉంటావు. నేను అలా అనుకోవడానికి ప్రయత్నిస్తున్నాను. గుమ్మంలో చప్పుడైతే మీ అన్నయ్య తల తిప్పేవారు, పాలవాడని తెలిశాక కూడా కాసేపు అటే చూసేవారు. నిన్ను దెప్పాలని కాదు, ఉన్నది రాయాలి కదా.

బొమ్మని జాగ్రత్తగా ఉంచుకో. గోడకి తగిలిస్తే ఎండ పడని గోడ చూడు. వెలుగులో ఎక్కువకాలం ఉంటే నీలం వెలిసిపోతుంది. వెలిసిందని దిగులుపడకు. తీసి సొరుగులో, చీకట్లో పెట్టు. కొన్నాళ్ళకి నీలం దానంతటదే తిరిగి వస్తుంది. ఇది నేను నమ్మకపోతే తాత తన పాత కాగితం ఒకటి చూపించాడు, నిజమే. సబ్బు చేతులతో మాత్రం ముట్టుకోకు. నువ్వూ ఈ ఇంటి మనిషివే కాబట్టి సోడా సంగతి మళ్ళీ చెప్తున్నాను.

దాని మీద నీ చెయ్యి పెట్టుకో. అది ఆయన మాట. ఇప్పుడు నీ చేతులు పెద్దవై ఉంటాయి, సరిగ్గా సరిపోవచ్చు.

ఆయనకి ఇప్పుడు ఆయాసం లేదు. దగ్గు లేదు. ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, పెరట్లో కుళాయి నుంచి నీళ్ళ చుక్కలు పడటం ఇక్కడికి వినిపిస్తోంది. ఇక ఉంటాను.

ఇట్లు,
మీ వదిన

తా.క.: మీ అన్నయ్య ఆ బుధవారం తెల్లవారేసరికి పోయారు. ముందే రాస్తే నువ్వు ఆ అట్ట విప్పవని ఇక్కడ రాస్తున్నాను. మందు మానలేదు. ముందురోజు రాత్రి నా ఎదురుగానే పీల్చారు. నీ మీద వేసిన ఒట్టు తప్పలేదు, కాబట్టి ఇది కూడా నీ నెత్తిన వేసుకోకు.

నేను వెంటనే ఎవరికీ చెప్పలేదు. వెనక వాటాలో తాతని కూడా లేపలేదు. పెరట్లో బల్లని ఆయన మంచం పక్కకి జరిపి, కుడిచెయ్యి దాని మీదకి చాపి, ఎండ పెరటి గోడ దాటి వచ్చేదాకా పక్కనే కూర్చున్నాను. వచ్చాక ఆయన పూసిన కాగితం తెచ్చి చేతి కింద పరిచాను. చెయ్యి కదలలేదు. చెక్క వేళ్ళు కిటికీలోనే ఉన్నాయి, చాపితే అందుతాయి. అవి పెట్టబుద్ధి కాలేదు. ఆయన అడిగినట్టే నా చెయ్యి ఆయన చేతి మీద బోర్లా వేసి, రెండు వేళ్ళు ముందుకి చాపాను. కాగితం రంగు తిరిగేదాకా తీయలేదు. ఆ తర్వాతే తాతని పిలిచాను.

నీ మీద కోపం పోయిందో లేదో నాకే తెలియదు. వేళ్ళు మాత్రం ఇచ్చాను. ఆ మసక నీళ్ళ వల్ల వచ్చింది కాదు. ఆయన చెయ్యి కదలలేదని చెప్పాను కదా. వణికింది నేను.